పదకొండో పెట్టె

సోహార్‌లో ఆగస్టు.
ఏసీ నీళ్ళు కింద బకెట్లోకి చుక్కచుక్కగా పడుతున్నాయి.
మా బిజినెస్ కాలేజీకి గుర్తింపు కావాలి.
గుర్తింపు ఇచ్చేవాళ్ళకి సాక్ష్యం కావాలి,
సాక్ష్యం సర్దడానికి నేనున్నాను.

పద్దెనిమిది పెట్టెలు.
చెప్పిన పాఠాలు, చెప్పామని రాసిన కాగితాలు,
ఆ కాగితాలు చూశామని రాసిన కాగితాలు.
జరిగిన మీటింగుకి మినిట్సు,
జరగని మీటింగుకి ఇంకా చక్కటి మినిట్సు.

దరఖాస్తు ఫీజు కట్టిన నెలలోనే
రాత్రి బ్యాచ్ బస్సు ఆగిపోయింది.
అల్యూమినియం ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి,
చెవుల్లో ఇంకా యంత్రం మోగుతుండగానే
బ్యాలెన్స్ షీట్ నేర్చుకోను వచ్చే పన్నెండు మంది
ఇప్పుడు టాక్సీ పంచుకుంటున్నారు,
మనిషికి నాలుగు వందల బైసాలు.

పదకొండో పెట్టె: అధ్యాపకుల అర్హతలు.
అందులో కురియాకోస్ సార్ ఫైలు మరీ పల్చన.
పందొమ్మిదేళ్ళు కాస్టింగ్ చెప్పాడు.
ఖర్జూరాల బుట్ట బల్లమీద పెట్టి
"కుళ్ళిన కాయల ఖర్చు ఏ కాయ మీద వేస్తారు?"
అని అడిగితే
ఆ గదిలో ఒక్కరూ ఫోను చూసేవాళ్ళు కాదు.
పీహెచ్‌డీ లేదు.
తీసెయ్యమని ఎవరూ రాయలేదు,
నిష్పత్తి సరిపోవడం లేదని మాత్రం రాశారు.
ఆ ఉత్తరం టైపు చేసింది నేనే.
ఒక్క అచ్చుతప్పు కూడా లేదు.

అట్లని మొత్తం దండగ అనలేను.
ఛైర్మన్ మేనల్లుడు
పరీక్ష రాయకుండా పాసయ్యే ఆచారం
ఈ పెట్టెలు వచ్చాకే ఆగింది.
పోయినేడు బుతైనా వచ్చింది, మా దగ్గర చదివిన పిల్ల.
మస్కట్‌లో కౌంటరు దగ్గర మూడుసార్లు తిప్పి పంపారట,
మీ కాలేజీ జాబితాలో లేదని.
వాళ్ళ నాన్న పడవ మోటారు అమ్మి కట్టిన ఫీజు.
చేతిలో చెల్లని కాసు.
తిట్టలేదు. పట్టా నా బల్లమీద బోర్లా పెట్టి
చాలాసేపు కూర్చుంది.
మా గొప్ప మేం చెప్పుకుంటే చాలదని,
బయటివాళ్ళెవరో వచ్చి చూడాల్సిందేనని
నాకు ఆరోజే తెలిసింది.

ముగ్గురొచ్చారు. మూడు రోజులు.
నెరిసిన జుట్టావిడ పదకొండో పెట్టె తెరిచి
వేలు పెట్టి చదువుతూ ఆగింది.
"ఈ ఖర్జూరాల బుట్ట సారెవరు?
ఇంతమంది విద్యార్థులు రాశారే!"
డీన్ దగ్గాడు.
ఆ అభిప్రాయ పత్రాలు పన్నెండో పెట్టెలో ఉండాల్సినవి.
పొరపాటున పదకొండులో పెట్టాను.
పొరపాటే.
ఆవిడ ఏదో రాసుకుంది, నాకు కనబడలేదు.

గుర్తింపు వచ్చింది, ఐదేళ్ళకి.
గేటు దగ్గర కొత్త బోర్డు, కేకు, ఫోటోలు.
కురియాకోస్ సార్ సహమ్‌లో
చేపల కోల్డ్ స్టోరేజీకి లెక్కలు రాస్తున్నాడట.
బుతైనా ఫోను చేసింది,
ముందు చదివినవాళ్ళకి కూడా వర్తిస్తుందా అని.
కనుక్కుని చెప్తానన్నాను.
బకెట్ నిండింది. పారబోసి వచ్చి
కొత్త పెట్టె మీద ఒకటి అని రాశాను.