నూనె డబ్బాలో తగువు

పద్దెనిమిది రోజులైంది.
ఆలివ్ నూనె డబ్బాలో మట్టి
ముఖం మాడ్చుకుని అలాగే ఉంది.
నేను ఫ్రిజ్‌లు బాగుచేసేవాణ్ణి.
స్విచ్ వేస్తే మోటారు మూలగాలి,
మూలగలేదంటే ఎక్కడో తీగ తెగినట్టు.
ఇక్కడ తెగిన తీగ ఏదో
స్క్రూడ్రైవర్‌తో కెలికి మరీ వెతికాను.

జహ్లే ఊళ్ళో, బర్దౌనీ ఏటి వంతెన పక్కన
విత్తనాలమ్మే ఉమ్ వదీ మీదికి
తగువుకు వెళ్ళాను.
"చచ్చిన గింజలు అంటగట్టావు" అన్నాను.
తూకపురాళ్ళు సర్దుకుంటూ
తలెత్తకుండానే అడిగింది:
"నానబెట్టావా?"
లేదు.
"కప్పావా?"
దేంతో?
"రోజుకెన్నిసార్లు కెలికావు?"
నా బొటనవేలు
నాకంటే ముందే జేబులో దాక్కుంది.

పార్స్‌లీ గింజ, అంది,
అలిగిన పెద్దమ్మ లాంటిది.
బతిమాలేకొద్దీ ఇంకో గదిలోకి పోయి
ఇంకో తలుపు వేసుకుంటుంది.
గోరువెచ్చని నీళ్ళలో రాత్రంతా నాననియ్యి.
పైన మట్టి చల్లీ చల్లనట్టు చల్లు.
దాని మీద తడి గోనె పరువు.
తల కనపడ్డ పూటే తీసెయ్యి.
ఈలోపు నోరు కట్టుకో, చేతులు కట్టుకో.

గోనె ముక్క ఒకటి నా చేతిలో పెట్టింది.
ఊరికే కాదు, బాకీ.

ఈసారి డబ్బా అడుగున
మేకుతో ఏడు చిల్లులు పొడిచాను.
వేరు నిలువునా దిగుతుందట, క్యారెట్‌లా,
అందుకని ఇంట్లో అన్నిటికంటే లోతైన డబ్బా.
పీకి ఇంకోచోట నాటితే ఓర్చుకోదట,
అందుకని మొదటి ఇల్లే ఆఖరి ఇల్లు.
తూర్పు బాల్కనీలో పెట్టాను.
పొద్దుటి ఎండ మోకాళ్ళ దాకా వస్తుంది,
మధ్యాహ్నపు ఎండను పక్క మేడ
తన భుజం మీద ఆపుకుంటుంది.

ఇక గోనె తడపడమే నా పని.
కనపడని దానికి నీళ్ళు పోయడం
నలభై తొమ్మిదేళ్ళలో ఇదే మొదలు.
ఎదురింటి అఫీఫే బట్టలారేస్తూ అడిగింది:
"ఎవర్ని పాతిపెట్టావు నఖ్లే?"
నా ఓపికని, అన్నాను.
బట్టల క్లిప్పు పళ్ళ మధ్య పెట్టుకునే నవ్వింది.

ఇరవై రెండో రోజుకి
మళ్ళీ తగువు సిద్ధమైంది.
గడ్డం గీసుకుంటూ మాటలు పదును పెట్టుకున్నాను,
ఏ తిట్టు ముందు, ఏ తిట్టు వెనక.
సాక్ష్యానికి మట్టి కూడా చూపిద్దామని
గోనె ఎత్తాను.

పచ్చ దారాలు.
వంగిన వీపులతో, లేవాలా వద్దా అన్నట్టు.
కొన్నిటి నెత్తిన ఇంకా
విడవని గింజ తొక్క టోపీ.
రెండేసి సన్నాకులు, పార్స్‌లీ పోలికే లేదు,
కలుపు అనుకుని పీకబోయి ఆగాను.
తిట్లన్నీ మింగాల్సి వచ్చింది.
కొన్ని గొంతుకు గీసుకున్నాయి.

జూన్ చివర మొదటి కోత.
వెలుపలి కాడల్నే, మొదలంటా.
నడిమి చిగురు జోలికి పోలేదు.
తబ్బూలేకి తరుగుతుంటే చెక్క మీద
పచ్చటి నీరూరి, వాన వెలిసిన వాసన.
గోధుమ రవ్వ గుప్పెడు, నిమ్మకాయలు రెండు,
మిగతా గిన్నె అంతా అదే.

ఒక కట్ట తడిగుడ్డలో చుట్టి
వంతెన దగ్గరికి తీసుకెళ్ళాను.
ఉమ్ వదీ ఒక కాడ తుంచి
చాలాసేపు నమిలింది.
ఏదో ఒకటి అంటుందని నిలబడ్డాను.
ఏరు కూడా కాస్త నెమ్మదించినట్టనిపించింది.

"నా గోనె ముక్క ఏదీ?" అంది.

తేలేదు.
అదిప్పుడు రెండో డబ్బా మీద ఉంది.
ఇవాళ పదకొండో రోజు.
ఇంకా ఏమీ లేదు.
నేనూ ఏమీ అడగట్లేదు.