తొమ్మిది కిలోమీటర్లు

తమ్ముడు శ్రీహరి అడిగిండు, కొడుకు బరాత్‌కు.
పూలదండలకు రంగు పోతదన్న.
సినిమా కంపెనీవాళ్లు అడిగిండ్రు, రోజుకు ఎనిమిది వేలు,
హీరోయిన్ బానెట్ మీద కూసుంటదట.
కూసుంటే కుర్చీ ఇస్త, ఫియట్ ఇయ్యనన్న.
పక్కింటి వైదేహి మనవరాలు ఫొటోలకని వచ్చింది,
ఉత్తగ ఆనుకుంట అమ్మమ్మా అంటే
దాని జీన్స్ గుండీలు దానికే చూపెట్టి
ఎనకకు పంపిన.

అరవై నాలుగు మోడల్. జున్ను రంగు.
ఎనభై ఆరుల పార్క్‌లేన్ పార్సీ ముసలామె కాడ కొన్న,
పదకొండు వేలకు, పీఎఫ్ లోన్ పెట్టి.
తాళాలు నా చేతుల పెట్టి మళ్ల గుంజుకున్నదామె,
మళ్ల పెట్టింది.
"చోక్ సగమే గుంజు బేటీ, నిండ గుంజితే అలుగుతది."
అప్పటిసంది అది నా ఒక్కదాని మీదనే అలిగింది,
నా ఒక్కదానికే కరిగింది.

ఇగ ఖమరున్నిసా అడిగింది.
నాంపల్లి ఆఫీసుల ఇరవై ఆరేండ్లు
నా టైప్ మిషన్‌కు ఎదురు మిషన్.
అరవై మూడో ఏట లైసెన్స్ తీసుకొని
కార్డును దస్తీల చుట్టి తెచ్చి చూపెట్టింది.
"ఒక్కనాడు నీ బండి ఇస్తవా?"
"ఏడికి?"
"ఏడికి లేదు. ఊరికె."

పెండ్లి అంటే కాదనేదాన్ని.
దవాఖాన అంటే ఆటో పిలిచేదాన్ని.
ఊరికె అంటే ఏమనాలె?

చెప్పిన: రెండో గేరు మొండిది, బతిలాడు, కొట్టకు.
కుడి ఇండికేటర్ లేదు, చెయ్యి బయట పెట్టు.
నారాయణగూడ ఫ్లైఓవర్ ఎక్కకు, ఎక్కితే ఆగకు,
ఆగితే నాకు ఫోన్ చెయ్యి,
ఫోన్ చేసేటప్పుడు నడపకు.
"ఇంకేమన్న ఉన్నదా మేడమ్?"
ఆఫీసుల లెక్కనే అడిగింది.
ఉన్నది. గుర్తుకు రాలె.

పొద్దుగాల ఆరింటికి పోయింది.
మందారాలకు రెండుసార్లు నీళ్లు పోసిన.
బర్కత్‌పురాల ఏ హారన్ మోగినా నాదే అనుకున్న.
నా హారన్ మోగక ఏడేండ్లు.

పది దాటినంక వచ్చింది. ట్యాంకు నిండ పెట్రోల్.
తాళాలు దస్తీల చుట్టి ఇచ్చింది.
అది మూల మలిగిందాక ఆగి, మీటర్ చూసిన.
సిగ్గే. అయినా చూసిన.
తొమ్మిది కిలోమీటర్లు. నాలుగు గంటలు.

రాత్రి టార్చి పట్టుకొని బండి చుట్టు తిరిగిన.
ఎడమ మడ్‌గార్డ్ మీద జానెడు గీత,
గీతల ఆకుపచ్చ.

రెండొద్దులు దాని ఫోన్ ఎత్తలె.
మూడోనాడు ఎత్తి, ఆ... ఆ... అని పెట్టేసిన.
కాచిగూడ మేస్త్రి భూమయ్యను పిలిచి చెప్పిన,
దోస్తులకు ప్రాణమన్న ఇయ్యొచ్చు, బండి ఇయ్యొద్దని.
ఆయన గీతను గోరుతోని గీకిండు.
మా గేటు కాడికి పోయి
గేటు మీది గోధుమ రంగును గోరుతోని గీకిండు.
మూడు పూతల కింద, ఆకుపచ్చ.

ఏ ఏడు తాకిందో.
వారం వారం తుడిచిన చెయ్యి నాదే,
తాకిచ్చిన చెయ్యి నాదే,
మందికిచ్చినంకనే కండ్లు వచ్చినయ్.
భూమయ్య ఏమనలె. చాయ్ తాగి పోయిండు.

ఖమర్‌కు నేనే ఫోన్ చేసిన.
గీత ముచ్చట చెప్పలె. ఇప్పటికీ చెప్పలె.
"ఏడికి పోయినవే ఆనాడు?"
"పబ్లిక్ గార్డెన్ దాక."
"దానికి నాలుగు గంటలా?"
కొంచెంసేపు సప్పుడు లేదు.
"మన పాత ఆఫీసు ఎదురుంగ ఆపిన. బంద్ చేసిన.
స్టీరింగ్ ముందర కూసున్న.
ఒకడొచ్చి అద్దం కొట్టి, డ్రైవర్ ఏడమ్మా, బండి తియ్యమను అన్నడు.
నేనే డ్రైవర్‌నన్న.
తీసి ఇంకొంచెం ముందర పెట్టి
ఇంకో గంట కూసున్న."

ఏమనాల్నో తెలువక అడిగిన,
"చోక్ సగమే గుంజినవా?"

"మర్శిపోయిన. నిండ గుంజిన.
ఏం అలగలె."