బతికున్నట్టు కాయితం

సుబేదారిల నా జిరాక్సు దుకాణం.
సైనిక సంక్షేమ ఆఫీసుకు పోయేటోళ్లు
ముందుగాల నా గడప తొక్కుతరు:
రెండు ఫొటోలు, మూడు నకళ్లు, ఒక పిన్ను.

హర్కమాన్ రాయ్ గట్లనే వచ్చిండు, ఏప్రిల్ల.
పొట్టి మనిషి. ఇస్త్రీ మడత చెడని పాత అంగి.
సంచిలకెల్లి తీసిన డిశ్చార్జి బుక్కు
కవర్ల కవరు, అందుల ఇంకో కవరు,
పురిటి బిడ్డను విప్పినట్టు విప్పిండు.

కొండ జారి
మెట్ల పొలం ఏడు మళ్లూ వాగుల కలిసినయట.
కొడుకు కేయూ చౌరస్తా కాడ మోమోల బండి పెట్టుకుండు.
గందుకని ఈ గుట్టల ఎండకొచ్చిండ్రు ఆలుమగలు.
మనుషులైతె వచ్చిండ్రు, పింఛను రాలె.

మా వాడల గూర్ఖా అంటే ఇరవై ఏండ్లసంది
నడిజాముల ఒక ఈల,
ఒకటో తారీకు ఒక సలాము, పది రూపాయలు.
ఆ ఈలకు పేరుంటదని
దరఖాస్తుల రాసేటప్పుడు తెలిసింది నాకు.
స్పెల్లింగు రెండుసార్లు అడిగిన.

మాజీ హవల్దారు సారంగపాణి చందా బుక్కు పట్టిండు.
లైన్‌మన్ ఓదెలు రెండు వందలు.
బీడీలు చేసే రాజవ్వ యాభై, నాలుగు మడతల నోటు.
నేను నకళ్ల పైసలు తీసుకోలె, గంతే.
అందరం కలిసి ఏం కొన్నమో చెప్తే నవ్వుతరు:
రెండు ఉన్ని రగ్గులు.
చలి దేశపోళ్లు గదా అని.

నలభై మూడు డిగ్రీలు. రేకుల కప్పు.
భుజాల మీద కప్పి ఫొటో దిగినం.
ఆయన కదలలె. చెవెనుకకెల్లి కాలరు దాకా
చెమట ఒక్క గీత.
సెల్యూటు కొట్టిండు.
ఆయన ఆడామె సుక్మాయ మాత్రం నా దిక్కు జూసి
తనకొచ్చిన తెలుగంతా ఒక్కసారే అన్నది:
"ఉడ్కపోస్తుంది తమ్మీ."

తెల్లారి ఓదెలు కూలరు స్కూటరుకు కట్టుకొని పోయిండు.
ఇంట్ల ఇంకోటున్నదన్నడు.
లేదు. నాకెరుకే.

మీసేవల బొటనవేలు ఆరుసార్లు పెట్టిచ్చిండ్రు.
మిషను ఒప్పుకోలె. రేకలు అరిగినయి.
"కండ్లు పెట్టు తాతా" అన్నది ఆ పిల్ల.
పెట్టిండు. రెప్ప కొట్టలె,
పిల్ల చాలు చాలన్నదాంక రెప్ప కొట్టనే లేదు.
బతికే ఉన్నడని
కాయితం గుర్రుమని బయటికొచ్చింది.
నకలు నేనే తీసిన, లామినేషను కూడ.

సంగతి గాడికి అయిపోయిందనుకున్న.

పుష్యమాసంల, చలి పండ్లు కొరికిస్తున్న పొద్దు,
రాజవ్వ దండెం మీద
మేం కొన్న రగ్గు ఆరేసి కనబడ్డది.
ఇదేడిదవ్వా అన్న.
బీడీ ఆకు కత్తిరిస్తనే చెప్పింది, తల ఎత్తకుంట:

"మిల్ట్రీ తాత ఇచ్చిపోయిండు.
ఎండ దేశపోళ్లు,
పాపం, చలికి ఓర్వరు అన్నడు."