నూట నలభై అయిదు, డెబ్బై, పన్నెండు

వారంలో ఆరు రోజులు నా నోట ఒకటే మాట:
నెమ్మది. క్లచ్చి. నెమ్మది.
ఏడో రోజు ఆ మాటని డాష్‌బోర్డు అరలో పెట్టి
తాళం వేస్తాను.

నెల్లిమర్ల దారిలో మూతబడ్డ మిల్లు యార్డు.
గోనె బేళ్ల లారీలు తిరిగిన సిమెంటు నేల, పగుళ్లలో గడ్డి.
కోన్లు కొనే స్తోమతు లేక
ఎర్ర బకెట్లు బోర్లించాం, ఇరవై మూడు.
బకెట్టు తగిలితే రెండు సెకన్లు నెత్తిన పడతాయి.
పోయిన నెల నేను మూడు తన్నాను.
సగం తప్పు నాది.
మిగతా సగం ముందు టైర్లది,
మొక్కు తీర్చుకుని కొండ దిగినవాళ్ల తలల్లా
నున్నగా ఉన్నాయవి.

శుక్రవారం సాయంత్రం రింగురోడ్డులో
తవిటయ్య కొట్టు ముందు ఎల్ బోర్డు బండి ఆపాను.
"ఏటమ్మా మేష్టారమ్మా, పంచరా?"
"కాదు. పట్టు కావాలి."
"పట్టుకైతే బట్టల కొట్టుకెల్లాల గానీ"
అని తనే నవ్వి, స్టూలు తుడిచాడు.

కొత్తవి, మెత్తనివి, నాలుగూ కలిపి పదమూడు వేల చిల్లర.
నా చీటీ వంతు మాఘంలో గానీ రాదు.
నలభై వేల కిలోమీటర్ల హామీ ఉన్నవి చూపించాడు, చవకే.
"ఇయి అరగవు. అరగంది పట్టదు, నీ ఇష్టం."
రీట్రెడ్డు అడిగితే మాత్రం మొహం ముడుచుకున్నాడు.
"నాటుబండికైతే ఏస్తాను. నువ్వు తిప్పే తిప్పుడికి
తొక్క ఊడి సేతికొస్తాది. నానివ్వను."

అందుకని చెప్పులు విడిచి
వెనక షెడ్డులో పాత టైర్ల గుట్ట ఎక్కాను.
సెల్లు లైటు పళ్ల మధ్య పెట్టుకుని
ఒక్కోదాని పక్కటెముక మీద నాలుగంకెలు చదివాను:
ముందు రెండూ వారం, వెనక రెండూ సంవత్సరం.
ఒకటి లోతైన గాళ్లతో, నల్ల పాలిషుతో పెళ్లికొడుకులా మెరిసింది.
మోసపోయేదాన్నే.
పుట్టి ఎనిమిదేళ్లు.
గోరు నొక్కితే గోరే వంగింది.

అడుగున, దుమ్ములో, ఒక జత.
బొబ్బిలి డాక్టరు గారి కారు కల్వర్టుకి గుద్దుకుంటే
మిగిలినవట. డాక్టరు గారూ మిగిలారట.
తొమ్మిది నెలల వయసు.
గోరు దిగింది,
ముంజెలో దిగినట్టు కాదు, ఖర్జూరంలో దిగినట్టు,
దిగి, ఆలోచించుకుని, మెల్లగా పైకొచ్చింది గుంట.

"జతకి పద్దెనిమిదొందలు."
"పద్నాలుగు."
"డాక్టరు టైర్లమ్మా!"
"టైర్లకి డిగ్రీ లేదు కదా."
పదిహేనొందల యాభై దగ్గర, బేలన్సింగు ఊరికే అన్నాక,
ఇద్దరం టీ తాగాం. టీ డబ్బులు నావే.

రెండే ఎందుకు అంటే, ఈ బండిని లాగేవి ముందు చక్రాలు.
వెనకవి జారితే మలుపులో తోక తిరుగుతుంది,
ఆదివారం అది నాకు లాభం.
సోమవారం వానలో, కోట జంక్షన్ దగ్గర,
వరహాలమ్మ గారు స్టీరింగు పట్టినప్పుడు
అది ప్రాణాల మీదకొస్తుంది.
కాబట్టి ఆదివారం పొద్దున్న మంచివి ముందుకి,
సాయంత్రం వెనక్కి.
పోగా పదహారు నట్లు, రాగా పదహారు.
నడుం నొప్పి ఖరీదు ఎవరూ లెక్కలో వేయరు.

ముందు గాలి ముప్ఫై నాలుగు.
థియరీ క్లాసు చాక్‌పీసుతో టైరు భుజం మీద గీత గీసి వదిలాను,
మలుపులో ఎంతవరకు ఒరిగిందో చెబుతుందని.
యాభై ఎనిమిదీ పాయింటు తొమ్మిది.
పాతది అరవై ఒకటి.
ఒక బకెట్టు పోయింది, సరే,
దాని రెండు కలిపితే మళ్లీ మొదటికే వచ్చాననుకోండి.
వాచ్‌మన్ సన్యాసి ఆ బకెట్టు తెచ్చి చూపించాడు:
పిడి ఊడింది, పదిహేను రూపాయలట.

సోమవారం పొద్దున్న వరహాలమ్మ గారు
తలుపు తీయబోయి ఆగారు.
"ఎనక టైరు మీద ఈ సుద్ద గీతేటమ్మా?"
"లెక్క" అన్నాను.
"క్లచ్చి తొక్కండి."