పదమూడో చెయ్యి

ఆదోనిలో నేను రాయని గోడ లేదు.
ముప్పై ఏండ్లుగా ఒకటే జెండా, ఒకటే రంగు.
ఎలక్షన్లు లేనప్పుడు టైలరు బోర్డులు, పత్తి విత్తనాల ప్రకటనలు.
కూడు అది. పార్టీ ఇది.

మొన్నటి ఎలక్షన్లో ఆమె మీద రాసినాను,
జిన్నింగు మిల్లు గోడ మీద, మనిషెత్తు అచ్చరాలు,
నీలిమందు కలిపి:
"దస్తగిరమ్మ, మొగుని చేతి రబ్బరు ముద్దర."
నవ్వుకుంటా రాసినాను.
అబద్ధం కూడా కాదప్పా.
మీటింగులకు మద్దిలేటి పోయేవాడు,
సంతకానికి కాయితం ఇంటికొచ్చేది.
పెనం మీద రొట్టె వేసి ఆమె పెట్టేది,
కాయితం మూలకు జొన్నపిండి.

ఆమె గెలిచింది.
మా సీమలో వానలు తక్కువ,
గోడ మీద రాసింది అంత తొందరగా చెరగదు.

ఆపొద్దు కౌన్సిల్ హాలుకు నేను పోయింది
పేరు పలకలు రాసిన బిల్లు కోసం.
తలుపు దగ్గర నిలబడినాను.
ఆరో అంశం: ఆడపిల్లల బడి మైదానం లీజుకు.
కింద షాపులు, పైన కల్యాణమండపం.
ఇచ్చేవాడూ వాళ్ల మనిషే, తీసుకునేవాడూ వాళ్ల మనిషే.

వద్దనేవాళ్లు చేతులెత్తమన్నారు.
మావాళ్లవి పన్నెండు లేచినాయి.
అవి ఎట్లాగూ లేస్తాయి.
మా రాజ్యంలో సంతజాగా ఇట్లే పోయినప్పుడు
అవే చేతులు తొడల కింద ఉండె.

గుమాస్తా హుసేనప్ప పన్నెండు అని రాసినాడు,
మళ్లా కొట్టేసినాడు.
వెనక వరసలో గాజుల చప్పుడు.
చెవి దాకా లేచి ఒక్క గడియ ఆగింది ఆ చెయ్యి.
జుట్టు సర్దుకుంటాదేమో అనుకున్నాము.
సర్దుకోలే.
పైకే పోయింది.

కిటికీ అవతల నుంచి మద్దిలేటి "ఏయ్, దించు" అన్నాడు.
ఆమె అటు చూడలే.
"ఆ మైదానంలో నేను ఖోఖో ఆడినాను" అనింది.
అంతే. ఉపన్యాసం లేదు.
గొంతు వణికింది గానీ చెయ్యి వణకలే.
కాదు, చెయ్యి కూడా వణికింది. నేను చూసినాను.

తీర్మానం పాసైంది, ఇరవై ఎనిమిదికి పదమూడు.

రెండు దినాలకు మా నాయకుడు పిలిచినాడు.
"పాతది తుడిపి, స్వాగతం దస్తగిరమ్మా అని రాయ్."
పిల్చుకొచ్చేదానికి పోయినవాళ్లు మజ్జిగ తాగి ఉత్తచేతుల్తో వచ్చిరి.
"నేను మీ దిక్కు రాలేదన్నా, బడి దిక్కు పోయినా.
మా పార్టీతో నా కొట్లాట నేను కొట్లాడుకుంటా"
అనిందంట.
నాయకునికి మండింది.
"అయితే పాతదే దిద్దు, ఇంకా పెద్దగా."

బ్రష్షు గట్టిపడిపోయిందన్నా, అన్నాను.
ముప్పై ఏండ్లలో మావాళ్లను నేను కాదనింది అదొక్కసారి.
అదీ అబద్ధం చెప్పి.
ఆమె మాదిరి చెయ్యెత్తే ధైర్యం నాకు యాడిది?

ఒక తెల్లవారుజామున నేనే సున్నం కలుపుకోని పోయినాను,
ఎవరూ చెప్పకుండానే, కూలి లేకుండానే.
సగం పూసినాక వెనక ఎవరో నిలబడినట్లయింది.
ఆమె. చేతిలో పాలపాకెట్టు.
"నువ్వేనా రాసిండేది?"
తల దించుకున్నాను.
"ముద్దర కాదు, ముద్ర. ద కింద ర వత్తు.
ఏడు దాకానే చదివినా నేను. ఆ బడిలోనే."
పాలు కారతాండాయని గబగబా పోయింది.

వచ్చేసారి ఆమెకు టికెట్టు ఇస్తారో లేదో.
ఇచ్చినా నా ఓటు ఆమెకు పడదు,
దాచేదేముంది, మా గుర్తు మా గుర్తే.
మళ్లా ఆమె మీద రాయమంటే
రాస్తానేమో కూడా. కూలి మనిషిని.
కానీ ముందు ఒక మాట అడుగుతా,
ఇది నిజమేనా అన్నా, అని.

ఎండకు ఆరినాక చూస్తే
సున్నం కింద నీలం ఇంకా కనపడతానే ఉండాది.
ఒక పూత చాలలే.