పదిహేడో మెట్టు

మా స్టాలు మూడు మీటర్లకు మూడు మీటర్లు.
మూల కాదు, మధ్య కాదు,
మంచినీళ్ళ క్యాన్ పక్కన.
దాని అద్దెకే రెండు నెలల జీతాలు ఆగాయి.
ఎవరం ఏమీ అనలేదు.
సుధాంశు మాత్రం కారు మానేసి మెట్రోలో వస్తున్నాడు,
పెట్రోలు వాసన పడటం లేదంటాడు.

కావూరి హిల్స్‌లో టైర్ల షాపు మీద
మూడేళ్ళుగా నీళ్ళు తయారుచేస్తున్నాం.
తాగేవి కాదు.
ఎవరి ఆటలోనైనా పోసుకోగల నీళ్ళు.
రాయి వేస్తే వలయాలు, పాదం పెడితే తడి,
మిట్టమధ్యాహ్నం ఒక రంగు, మబ్బు పడితే ఇంకో రంగు.
మా బాత్రూంలోకి మాత్రం
ట్యాంకరు వస్తేనే.

చూపించడానికి ఒక మెట్లబావి కట్టాం.
దాని చప్పుడు కోసం ముజమ్మిల్
తలాబ్‌కట్టలో వాళ్ళ నానమ్మ రాగి గంగాళంలోకి మైకు వేలాడదీసి
రాత్రి రెండింటికి, నల్లా వచ్చే వేళ, పట్టుకొచ్చాడు.
ఆ చుక్కల మధ్య ఎక్కడో
"బంద్ కర్ రే" అని ముసలి గొంతు ఉంది.
తీసేయలేదు.
బాగా అడుక్కి దిగితే వినిపిస్తుంది.

నా ఉద్యోగం ఆడటం కాదు, పడటం.
రోజుకు నాలుగొందల సార్లు దిగి
గోడలకు గుద్దుకుని, సందుల్లో దూరి
లోకం ఎక్కడ చిరిగిందో రాసిపెట్టడం.
పదిహేడో మెట్టు మీద
ఎడమకాలు మోపితే నేల ఉండదు.
బిందె పట్టుకున్న మా పిల్ల
రాతిలోంచి జారి, నీళ్ళలోంచి జారి,
కింద మేమింకా ఏ రంగూ వేయని బూడిదలోకి
పడుతూ
పడుతూ
కుడికాలు మోపితే ఏమీ కాదు.

ప్రవల్లిక ఆ మెట్టు కొట్టేసి మళ్ళీ కట్టింది.
తప్పు పద్దెనిమిదికి పోయింది.
పద్దెనిమిది కొట్టేస్తే
పుట్టింటికొచ్చినట్టు పదిహేడుకే వచ్చింది.

అదే సాయంత్రం లక్డీకాపూల్ నుంచి ఫ్లెక్సు వచ్చింది.
"నిజమైన నీళ్ళు" అని రాసిస్తే
"నిజమైన నీళ్ళు దొరుకును" అని కొట్టాడు.
అలవాటైన చెయ్యి, కింద ఫోన్ నంబరు కూడా పెద్దగా వేశాడు.
మార్చే టైము లేదు.

సుధాంశు వేళ్ళ మీద లెక్కేశాడు:
మొదటి మెట్టు కుడికాలైతే పదిహేడూ కుడికాలే.
బావి పైరాతి మీద చెక్కించాడు,
"కుడికాలు ముందు పెట్టి దిగండి" అని.
ఇదీ మన సంప్రదాయమే అనుకుంటారులే, అన్నాడు.
కొత్తకోడలికి చెప్పినట్టుంది, అంది ప్రవల్లిక.
నవ్వు ఎంతకీ ఆగలేదు,
నిద్రలేని నవ్వు.

రాత్రి పదకొండు, హైటెక్స్ హాలు.
అన్ని స్టాళ్ళలో సుత్తి మోతలు.
బాలనర్సయ్య నోట్లో నాలుగు మేకులు పెట్టుకుని
మా ప్లైవుడ్ గోడ బిగించాడు.
"ఓసారి ఆడు కాకా" అని కంట్రోలర్ ఇచ్చాను.
మేకులు జేబులో వేసుకున్నాడు.
రాతి మీది అక్షరాలు చూడనేలేదు.
ఏ బటన్ నొక్కాడో,
పిల్ల మొదటి మెట్టు మీద కూర్చుంది,
బిందె పక్కన పెట్టుకుని.

నాలుగొందల సార్లు దిగానే,
ఒక్కసారీ కూర్చోబెట్టలేదు.
నీళ్ళలో దాని నీడ కూడా కూర్చుంది.
ఆ నీడను చేసింది మేమే,
అయినా నేను చూడటం అదే మొదలు.

"దిగవా?" అన్నాను.
"ఏం తొందర బిడ్డా, నిండనీ" అన్నాడు.
చాలాసేపటికి లేచి చేతులు దులుపుకుని
"బ్యాలెన్సు పొద్దుగాల్నే ఇయ్యాలె మరి" అని
పక్క స్టాలుకు వెళ్ళాడు.

ఒంటిగంటకు ఆటోలో గుర్తొచ్చింది,
ఆఫీసులో నా కంప్యూటరు ఆపలేదు.
ఎడమకాలి పిల్ల ఇంకా పడుతూనే ఉండాలి
ఆ బూడిదలో,
బిందె వదలకుండా.

గ్రూపులో ముజమ్మిల్ మెసేజ్ మెరిసింది:
ఎక్స్‌టెన్షన్ బాక్సు ఎవరి దగ్గరుంది?