వానకు ముందు చప్పుడు

మా భాషలో వాన అనే మాట
నాలుక పళ్ళ వెనక అతుక్కుని ఊడిన చప్పుడుతో మొదలవుతుంది.
ఎవరి మీదైనా జాలి కలిగితే మీరు చేస్తారే, అదే.
మీకది నిట్టూర్పుకు తమ్ముడు.
మాకు అక్షరం.

నమీబియా ఇంకా పుట్టని ఏడు
ఖోరిఖాస్‌లో గెర్సన్ బాబాయి ఇంటి వెనక
మేక మాంసం ఉడుకుతుంటే మొదలైంది వాదన:
కొత్త దేశం ఏ నోటితో మాట్లాడాలి?

ఆఫ్రికాన్స్ వద్దు, ఆ మాటలతోనే మనల్ని గేటు బయట నిలబెట్టారు.
జర్మన్ ఊసెత్తకు, ఇసుకలో ఎముకలు ఇంకా చల్లారలేదు.
ఒషివాంబో అంటే ఉత్తరాదివాళ్ళకు పండగ, మరి మనకో?
మనదంటావా, పాపం, మిగతావాళ్ళ నాలుకలు మడతపడిపోవూ!
ఇంగ్లీషు.
ఇక్కడ ఎవరింటిదీ కాదు కనక
ఎవరికీ కడుపుమంట ఉండదు.

అవ్వ అడెల్‌హైడ్ కుండలో గరిటె తిప్పుతూ అంది:
"ఒకళ్ళనొకళ్ళు నమ్మని అన్నదమ్ములు
ఇంటి తాళంచెవి దారినపోయేవాడి చేతికిచ్చినట్టుంది."
నవ్వాం.
చేతులెత్తమంటే అందరికన్నా ముందు నాదే లేచింది.
అప్పటికి నాకు ఇంగ్లీషులో
వారాల పేర్లూ, సగం ప్రార్థనా వచ్చు.

రేడియోలో పాఠాలు విని మరుసటి పొద్దున
అవే పాఠాలు పిల్లలకు చెప్పేవాణ్ణి,
ఇంకా వేడి చల్లారని రొట్టెలా.
భిన్నాలు చెబుతున్నప్పుడు ఒక పిల్ల లేచి
మా మాటల్లో అడిగింది: సగంలో సగం ఎక్కడికి పోతుంది సార్?
అంత మంచి ప్రశ్న నా సర్వీసులో మళ్ళీ వినలేదు.
జవాబు తెలుసు. నాకు తెలిసిన భాషలో తెలుసు.
ఇన్‌స్పెక్టరు వెనక బెంచీలో కూర్చునున్నాడు.
"సిట్ డౌన్" అన్నాను.
ఆ రెండు ముక్కలూ తప్పుల్లేకుండా వచ్చాయి.

తర్వాత మాకే పరీక్ష పెట్టారు, టీచర్లకి.
నా పక్క వరసలో నా పాత విద్యార్థి.
'ఏ'నా 'ద'నా అన్న ఖాళీల ముందు
యాభై రెండేళ్ళ మనిషిని
పెన్సిలు కొరుకుతూ కూర్చున్నాను.
మార్కులు అడక్కండి.

అలాగని తిట్టలేను కూడా.
నా కూతురు హిల్డెగార్ట్ వాల్విస్ బేలో నర్సు.
ఉత్తరాది జాలరి భార్యకు పురుడు పోసింది మొన్న.
ఇద్దరూ ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నారట,
ఇద్దరూ సమానంగా తప్పులు చేస్తూ.
ఎవరి ముందూ ఎవరూ తల దించలేదు నాన్నా, అంది.
దానికేం చెప్పను?

ఈ నెల మళ్ళీ మీటింగు.
చిన్న తరగతుల్లో ఏ భాష ఉండాలని
విండ్‌హూక్ నుంచి అముపొలో అనే అధికారి వచ్చాడు.
సొంత భాషల గురించి చర్చ, పూర్తిగా ఇంగ్లీషులో.
మూడు వాక్యాలు రాసుకెళ్ళాను.
రెండు చెప్పాను. మూడోది గొంతు దాటలేదు,
నా మొదటి ఓటు దానికి అడ్డంగా కూర్చుంది.

అప్పుడే కిటికీ దగ్గర ఒక కుర్రాడు
ఆకాశం వంక చూపించి ఆ మాటన్నాడు, ముందు చప్పుడుతో సహా.
ఏమన్నాడని అడిగాడు అధికారి.
"రెయిన్" అన్నాను.
మాట చేరింది. చుక్క రాలిన చప్పుడు దారిలో ఎక్కడో పడిపోయింది.

ఆయనా ప్రయత్నించాడు, టై వదులు చేసుకుని.
ఒకసారి ఉమ్ము పడింది, ఒకసారి ఈల వచ్చింది.
తర్వాత తన మాట చెప్పాడు: ఒంవుల.
నేను పలికాను. తప్పే పలికానేమో,
ఆయన దిద్దలేదు.

రిపోర్టులో ఏం రాశాడో నాకు తెలీదు.
వాన మాత్రం ఆ సాయంత్రం రాలేదు.